పాత కారుకి ఏ గ్రేడ్ ఇంజిన్ ఆయిల్ పోయాలి?

లక్ష కిలోమీటర్లు దాటిన కారుని షెడ్డులో పెడితే, ఆయిల్ మార్చే ముందు వినపడే సలహా దాదాపు ఒకటే: "బండి పాతదైంది, చిక్కటి ఆయిల్ వేద్దాం." ఇందులో కొంత నిజం ఉంది. బేరింగులు కొద్దిగా అరిగిన ఇంజిన్‌లో ఒక మెట్టు చిక్కటి ఆయిల్ పోస్తే వేడి మీద ప్రెషర్ నిలబడుతుంది, ఆయిల్ తాగడం కొంత తగ్గుతుంది. కానీ వాల్వ్ సీళ్లు గట్టిపడిపోయిన ఇంజిన్‌కీ, బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి, గాలి బయటికి పోయే గొట్టం) పూడుకుపోయిన ఇంజిన్‌కీ, ఆయిల్‌లో పెట్రోలు కలుస్తున్న ఇంజిన్‌కీ, ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సందు) తప్పిన ఇంజిన్‌కీ అదే మందు వేస్తున్నారు. అక్కడ జబ్బు కొన్నాళ్లు కనపడకుండా పోతుంది, అంతే. కంపెనీ చెప్పిన గ్రేడ్ ఏమిటో ముందు తెలుసుకోవాలి. తరవాత ఇంజిన్ పరిస్థితిని కొలవాలి. అవసరమని తేలితేనే ఒక్క మెట్టు పైకి వెళ్లాలి.

డబ్బా మీది అంకెలు

15డబ్ల్యూ-40 అనేది రెండు వేరువేరు పరీక్షల ఫలితం. డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. ఎముకలు కొరికే చలిలో సెల్ఫ్ కొడితే క్రాంక్ తిరుగుతుందా, పంపు ఆయిల్‌ని లాగగలదా అన్నది దాంతో తెలుస్తుంది. ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ పెట్టిన జే300 ప్రమాణం ప్రకారం క్రాంక్ తిరిగే పరీక్షని 20డబ్ల్యూకి మైనస్ 15 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యూకి మైనస్ 20 దగ్గర, 10డబ్ల్యూకి మైనస్ 25 దగ్గర, 5డబ్ల్యూకి మైనస్ 30 దగ్గర చేస్తారు. లంబసింగిలో జనవరి తెల్లవారుజామున కూడా ఆ దరిదాపులకు పోం. కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో 20డబ్ల్యూ వల్ల బండి స్టార్ట్ కాకపోవడమనేది ఉండదు. అలాగని ముందు అంకెకి ఇక్కడ విలువ లేదనీ కాదు, ఆ సంగతి కింద వస్తుంది.

రెండో అంకె వేడి మీద ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడ్ ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోకుల (చిక్కదనాన్ని కొలిచే కొలమానం) లోపు, 40 గ్రేడ్‌ది 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడ్‌ది 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి. ఈ పరిధులు ఎంత వెడల్పుగా ఉన్నాయో గమనించండి. ఒక కంపెనీ 15డబ్ల్యూ-40 పదమూడున్నర ఉండొచ్చు, ఇంకో కంపెనీది పదిహేనున్నర ఉండొచ్చు. రెండూ నిఖార్సైన 40 గ్రేడే. కాస్త చిక్కదనం కావాల్సిన ఇంజిన్‌కి గ్రేడ్ మార్చకుండానే, అదే గ్రేడ్‌లో పై అంచున ఉన్న ఆయిల్ ఎంచుకుంటే సరిపోయే సందర్భాలు చాలా ఉన్నాయి. ఆయిల్ కంపెనీలు వెబ్‌సైట్లలో పెట్టే డేటా షీట్‌లో 100 డిగ్రీల దగ్గరి అంకె చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అదే డేటా షీట్‌లో 40 డిగ్రీల దగ్గరి అంకె కూడా ఉంటుంది. మామూలుగా 5డబ్ల్యూ-30కి 60-70, 15డబ్ల్యూ-40కి 105-115, 20డబ్ల్యూ-50కి 150-170 సెంటీస్టోకుల చుట్టూ కనిపిస్తుంది. నలభై డిగ్రీలంటే రామగుండంలోనో విజయవాడలోనో మే నెల మధ్యాహ్నం. అంటే ఎండలో నిలబెట్టిన కారు స్టార్ట్ చేసిన క్షణంలో కూడా 20డబ్ల్యూ-50 దాని అసలు పని వేడిలో ఉండేదానికంటే ఎనిమిది తొమ్మిది రెట్లు చిక్కగా ఉంటుంది. "మన దగ్గర ఎండలెక్కువ, అందుకే చిక్కటి ఆయిల్" అనే వాదన ఇక్కడే తేలిపోతుంది. ఇంజిన్ లోపలి వేడిని నిర్ణయించేది ప్రధానంగా థర్మోస్టాట్, రేడియేటర్, బండి మీద పడే లోడ్. అన్నీ సరిగ్గా ఉన్న కారులో ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య తిరుగుతుంది, బయట 25 ఉన్నా 42 ఉన్నా పెద్ద తేడా రాదు. ఏసీ వేసుకుని, నలుగురు ఎక్కి, మే నెలలో శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే మాత్రం అది 120 దాటొచ్చు. రెండో అంకె ఎక్కువున్న ఆయిల్‌కి పని పడేది అప్పుడు.

థర్మోస్టాట్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పాలి. బండి హీటెక్కుతోందంటే థర్మోస్టాట్ పీకి పారేసే అలవాటు మన షెడ్లలో ఇంకా పోలేదు. అది లేని ఇంజిన్ చిన్న దూరాల్లో సరిగ్గా వేడెక్కదు. ఆయిల్‌లో చేరిన నీటి ఆవిరి, పెట్రోలు ఆవిరైపోవు, హెడ్ కవర్ కింద మీగడలాంటి జిడ్డు పేరుకుంటుంది. అలాంటి బండిలో ఏ గ్రేడ్ పోసినా ఫలితం ఉండదు, ముందు థర్మోస్టాట్ పెట్టించండి.

బేరింగుల్ని నిజంగా కాపాడే అంకె ఇంకొకటి ఉంది. 150 డిగ్రీల వేడిలో, ఒత్తిడిలో నలుగుతున్నప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా నిలబడుతుందో కొలుస్తారు. డేటా షీట్‌లో హెచ్‌టీహెచ్‌ఎస్ అని ఉంటుంది. 30 గ్రేడ్‌కి కనీసం 2.9, 5డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-40లకి 3.5, 15డబ్ల్యూ-40కి 3.7 ఉండాలి. 20డబ్ల్యూ-50కి కూడా కనీసం 3.7నే. అంటే అసలైన రక్షణ విషయంలో 15డబ్ల్యూ-40కీ 20డబ్ల్యూ-50కీ ప్రమాణం పెట్టిన కనీస హద్దు ఒక్కటే. జనం ఊహించుకునేంత దూరం వాటి మధ్య లేదు.

మొదలుపెట్టాల్సింది మాన్యువల్ నుంచి

పాత మాన్యువళ్లలో బయటి ఉష్ణోగ్రతకి ఏ గ్రేడ్ వాడొచ్చో చూపించే పట్టీ ఒకటి ఉంటుంది. చాలామంది అందులో మొదటి గ్రేడ్ చూసి పేజీ తిప్పేస్తారు. పది డిగ్రీల కిందకి అరుదుగా పోయే మన వాతావరణానికి ఆ పట్టీలో రెండు మూడు గ్రేడ్లు సరిపోతాయి. వాటిలో ఏది ఎంచుకున్నా కంపెనీ మాట దాటినట్టు కాదు.

మాన్యువల్ దొరకని బళ్లకి ఇంజిన్ తరహాని బట్టి పోవాలి.

అంబాసిడర్‌లోని పాత 1489 సీసీ బీఎంసీ ఇంజిన్, ప్రీమియర్ పద్మిని 1089 సీసీ ఫియట్ ఇంజిన్ పుష్ రాడ్లతో నడిచేవి. లోపలి సందులు ఎక్కువ, ఆయిల్ దారులు పెద్దవి, క్యామ్ మీద చదునైన ట్యాపెట్లు రాసుకుంటూ తిరుగుతాయి. 20డబ్ల్యూ-50 వీటికి సహజమైన గ్రేడ్, ఇంజిన్ కొత్తగా కట్టినా అదే. బీఎంసీ ఇంజిన్‌లో క్రాంక్ వెనక వైపు మామూలు రబ్బరు సీల్ ఉండదు. ఆయిల్‌ని వెనక్కి తోసే మర గాడి మాత్రమే ఉంటుంది. అక్కడ రెండు చుక్కలు కారడం ఆ డిజైన్ స్వభావం. ధారగా కారుతుంటే మాత్రం ఆయిల్ గ్రేడ్ జోలికి పోకముందు బ్రీదర్ చూడాలి. లోపల గాలి ఒత్తిడి పెరిగితే ఆ మర గాడి పని చెయ్యదు.

మారుతి 800లోని 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్, పాత జెన్‌లోని 993 సీసీ అల్యూమినియం ఇంజిన్, ఓమ్ని, జిప్సీ వంటివి క్యామ్ పైన ఉన్న సుజుకి ఇంజిన్లు. వీటికి 15డబ్ల్యూ-40 నడిమి దారి. ఇంజిన్ గట్టిగా ఉంటే 10డబ్ల్యూ-30 కూడా చక్కగా సరిపోతుంది. బాగా అరిగిపోయాక 20డబ్ల్యూ-50కి వెళ్లొచ్చు. అది కూడా కొలిచి చూశాకే.

ఇండికా, సుమో, క్వాలిస్ తరం డీజిళ్లకి 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్ వాడండి, అందులో పెద్ద చర్చ లేదు. డబ్బా మీద డీజిల్ ఆయిల్ నాణ్యత గుర్తుగా సీహెచ్-4 గానీ సీఐ-4 గానీ ఉండాలి.

ఇప్పుడు పాతబడుతున్న తరం దగ్గరే అసలు పొరపాటు జరుగుతోంది. స్విఫ్ట్, రిట్జ్, ఇండికా విస్టా వంటి వాటిలో వచ్చిన 1248 సీసీ మల్టీజెట్ డీజిల్‌లో ఆయిల్ ప్రెషర్‌తో ట్యాపెట్ సందుని తమంతట తామే సరిచేసుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లు, ఆయిల్ ప్రెషర్‌తో బిగిసే టైమింగ్ చైన్ టెన్షనర్ ఉంటాయి. వాల్వులు తెరిచే తీరుని మార్చే హోండా వీటెక్‌లో రాకర్లని కలిపే పిన్నుల్ని నెట్టేది, టొయోటా వీవీటీ-ఐలో క్యామ్‌ని తిప్పేది కూడా ఆయిల్ ప్రెషరే, అదీ సన్నటి దారుల గుండా. ఇటువంటి ఇంజిన్లకి రెండు లక్షల కిలోమీటర్లు దాటినా 20డబ్ల్యూ-50 పొయ్యకూడదు. తెల్లారి స్టార్ట్ చేయగానే టెన్షనర్‌కి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది, చైన్ గిలక్కొడుతుంది, ఆ నాలుగు సెకన్ల గిలక రోజూ జరిగితే గైడ్లు అరుగుతాయి. 5డబ్ల్యూ-30 చెప్పిన మల్టీజెట్ అరిగితే మెట్టు పైకి అంటే 5డబ్ల్యూ-40. ముందు అంకె మారదు, వెనక అంకె మాత్రమే మారుతుంది. ముందు అంకెకి మన ఊళ్లలో ఉన్న విలువ ఇదే.

ఆయిల్ మార్చే ముందు చూడాల్సినవి

ఆయిల్ ఎంత తాగుతోందో కొలవడం మొదటి పని. సమతలంగా ఉన్న చోట కారు నిలిపి, ఇంజిన్ ఆపిన పది నిమిషాలకి డిప్‌స్టిక్ పై గీత దాకా నింపి, మీటర్ రీడింగ్ రాసుకోండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక అదే చోట, అదే పద్ధతిలో మళ్లీ పై గీత దాకా నింపండి. ఈసారి మిల్లీలీటర్ల గీతలున్న గ్లాసుతో కొలిచి పొయ్యండి. రెండు మూడు వందల మిల్లీలీటర్లు పడితే పాత ఇంజిన్‌కి అది పట్టించుకోనక్కర్లేని సంగతి, ఉన్న గ్రేడే కొనసాగించండి. అర లీటరు దగ్గర పడితే కారణం వెతకాలి, ఈలోగా ఒక మెట్టు పెంచడం సబబే. లీటరు దాటితే ఇంజిన్ పని అడుగుతున్నట్టే. ఆయిల్ గ్రేడ్‌తో ఆరు నెలలు నెట్టగలరేమో గానీ అంతకు మించి నెట్టలేరు.

ఇక పొగ. రాత్రంతా ఆగి ఉన్న బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒకసారి గుప్పున నీలం పొగ వచ్చి ఆగిపోతే అది వాల్వ్ సీళ్ల పని. ఘాట్ దిగుతూ చాలాసేపు యాక్సిలరేటర్ వదిలేసి, మళ్లీ నొక్కగానే పొగ వచ్చినా సీళ్లనే అనుమానించాలి. గట్టిపడ్డ రబ్బరు వాల్వ్ కాండాన్ని పట్టుకోదు, ఆయిల్ చిక్కగా ఉన్నా ఒక రాత్రిలో నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది. సీళ్లు చవక, హెడ్ తియ్యకుండానే మార్చగలిగే ఇంజిన్లు చాలా ఉన్నాయి. ఎక్కుడులో లాగుతున్నంతసేపూ నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగినట్టు.

రింగులు అనుకున్నా వెంటనే రీబోర్ మాట ఎత్తకండి, కంప్రెషన్ చూడండి. ఇంజిన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. పాత పెట్రోల్ కార్లలో ఆరోగ్యంగా ఉన్న సిలిండర్ దాదాపు 150 పీఎస్‌ఐ పైన చూపిస్తుంది. అసలు అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, అది పది పదిహేను శాతం దాటకూడదు. తక్కువ చూపిన సిలిండర్‌లో ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. అంకె బాగా పెరిగితే రింగులు లేదా బోరు, పెరగకపోతే వాల్వులు. వాల్వు కూర్చోని సిలిండర్‌కి ఏ ఆయిలూ సాయం చెయ్యదు.

కంప్రెషన్ బాగానే ఉండి ఆయిల్ మాత్రం తాగుతున్న ఇంజిన్ ఇంకో రకం. అక్కడ చాలాసార్లు ఆయిల్ రింగు వెనక ఉండే రంధ్రాలు కార్బన్‌తో పూడుకుని ఉంటాయి. సిలిండర్ గోడ మీంచి గీకిన ఆయిల్ వెనక్కి పోయే దారి లేక కాలిపోతుంది. దీనికి 20డబ్ల్యూ-50 పోస్తే ఆ దారి ఇంకా నెమ్మదిస్తుంది. కంపెనీ గ్రేడ్‌లోనే మంచి ఆయిల్ పోసి రెండు వేల కిలోమీటర్లకొకసారి చొప్పున రెండు మూడు సార్లు మార్చి చూడడం నయం. ఐదు నిమిషాల్లో కడిగేస్తామనే ఫ్లష్ డబ్బాల జోలికి జిడ్డు పేరుకున్న ఇంజిన్లో వెళ్లొద్దు. ఊడివచ్చిన జిడ్డు ఛాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున ఆయిల్ లాగే జాలీకి అడ్డం పడితే పంపుకి ఆయిల్ అందదు.

డిప్‌స్టిక్ వాసన చూడడం మరిచిపోకండి. పొయ్యకుండానే లెవెల్ పెరుగుతోందా? వేళ్ల మధ్య రాస్తే నీళ్లలా జారిపోతూ పెట్రోలు వాసన కొడుతోందా? కార్బురేటర్ ఉన్న అంబాసిడర్, పద్మిని, పాత మారుతి 800లలో ఇంజిన్ మీద కూర్చునే మెకానికల్ పెట్రోల్ పంపు ఉంటుంది. దాని డయాఫ్రం చిరిగితే పెట్రోలు నేరుగా ఛాంబర్‌లోకి దిగుతుంది. చోక్ పూర్తిగా తెరుచుకోకపోయినా, ఒక ప్లగ్గు సరిగా మండకపోయినా ఫలితం అదే. ఆయిల్ పలచబడింది కదా అని చిక్కటిది పోస్తే వారం తిరిగేసరికి అదీ పలచబడుతుంది. పంపు కిట్ మార్చి, పెట్రోలు కలిసిన ఆయిల్ మొత్తం తీసేసి, మామూలు గ్రేడే పొయ్యండి.

ట్యాపెట్ సౌండ్‌కి చిక్కటి ఆయిల్ అనేది ఇంకో దురలవాటు. పాత సుజుకి ఇంజిన్లలో, అంబాసిడర్‌లో ట్యాపెట్ సందుని స్క్రూతో సరిచేసుకోవచ్చు. ఫీలర్ గేజ్, రింగ్ పానా, గంట సమయం ఉంటే తీరిపోయే పని.

కారడం సంగతికొస్తే, మొదట పీసీవీ వాల్వూ (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే వాల్వు) బ్రీదర్ పైపూ చూడండి. వాల్వ్ తీసి చెవి దగ్గర ఊపితే లోపల గింజ కదిలిన చప్పుడు రావాలి. పూడుకుపోతే లోపలి ఒత్తిడికి ప్రతి గ్యాస్కెట్ నుంచీ ఆయిల్ చెమర్చుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తెరిస్తే బుసబుసమని గాలి, పొగ తన్నుకొస్తుంటే ఒకటి బ్రీదర్ మూసుకుపోయి ఉండాలి, లేదా రింగులు వదిలేసి ఉండాలి.

అన్నిటికన్నా తిరుగులేని సాక్ష్యం వేడి మీది ఆయిల్ ప్రెషర్. డ్యాష్‌బోర్డులోని ఎర్ర లైటు ప్రెషర్ దాదాపు పడిపోయాక గానీ వెలగదు. దాన్ని నమ్ముకోకుండా, ఇంజిన్ మీది ప్రెషర్ స్విచ్ విప్పి అక్కడ మెకానికల్ గేజ్ బిగించమనండి. మంచి షెడ్డులో అది ఉంటుంది. ఇరవై కిలోమీటర్లు నడిపి, రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగాక చూడాలి. ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి పది పీఎస్‌ఐ చొప్పున ఉంటే చాలనేది మెకానిక్కుల పాత లెక్క. ఐడిల్‌లో పది, మూడు వేల దగ్గర ముప్పై కన్నా ఎక్కువ ఉంటే ఇంజిన్‌కి ఉన్న గ్రేడ్ చాలు. ఐడిల్‌లో ఆరేడుకి పడిపోయి, మూడు వేల దగ్గర ముప్పై అందుకోలేకపోతుంటే మెట్టు పెంచడానికి అది సరైన కారణం. పెంచేముందు లెవెల్, ఫిల్టర్, ఛాంబర్‌లోని జాలీ, పంపు రిలీఫ్ వాల్వ్‌లో చెత్త ఇరుక్కోవడం ఒకసారి చూసుకోండి. అడుగు నుంచి డబడబమనే బరువైన చప్పుడు కూడా వినపడుతుంటే బేరింగులు మార్చాల్సిందే, బండి తిప్పకండి.

పొద్దున స్టార్ట్ చేయగానే గేజ్ ముల్లు పైకి లేచి నిలబడితే మురిసిపోనక్కర్లేదు. చల్లటి చిక్కటి ఆయిల్‌ని పంపు నెట్టలేక రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటుంది, కొంత ఆయిల్ బేరింగుల దాకా పోకుండానే ఛాంబర్‌లోకి తిరిగొస్తుంది. ఫిల్టర్‌లోని బైపాస్ కూడా తెరుచుకుని వడపోత లేని ఆయిల్ లోపలికి పోతుంది. గేజ్ ఎక్కువ చూపించినంత మాత్రాన ఆయిల్ ఎక్కువ అందుతున్నట్టు కాదు.

మెట్టు ఎక్కడం ఎలా

10డబ్ల్యూ-30 బండికి మొదటి మెట్టు 10డబ్ల్యూ-40 లేదా 15డబ్ల్యూ-40. 15డబ్ల్యూ-40 బండికి మొదటి మెట్టు అదే గ్రేడ్‌లో 100 డిగ్రీల అంకె ఎక్కువున్న ఆయిల్. అదీ చాలకపోతే 20డబ్ల్యూ-50. 5డబ్ల్యూ-30 బండికి 5డబ్ల్యూ-40. 0డబ్ల్యూ-20 చెప్పిన కొత్త తరం ఇంజిన్ పాతబడితే 0డబ్ల్యూ-30 లేదా 5డబ్ల్యూ-30, అంతకు మించి వద్దు. రెండు మెట్లు ఒకేసారి ఎక్కాల్సిన ఇంజిన్‌కి కావలసింది ఆయిల్ కాదు, బేరింగులూ రింగులూ.

ముందు అంకెకీ వెనక అంకెకీ మధ్య దూరం పెరిగేకొద్దీ ఆయిల్‌లో చిక్కదనాన్ని నిలిపే పాలిమర్లు ఎక్కువ కలపాల్సి వస్తుంది. అవి నలిగి తెగిపోతుంటాయి. చవక 10డబ్ల్యూ-40 కొన్ని వేల కిలోమీటర్లకే 30 గ్రేడ్ స్థాయికి జారిపోవచ్చు. అందుకే మన ఎండలకి, పాత ఇంజిన్‌కి మినరల్ ఆయిల్ వాడేటప్పుడు దూరం తక్కువున్న 15డబ్ల్యూ-40 నమ్మకమైనది. 5డబ్ల్యూ-40 కావాలంటే మంచి సింథటిక్ తీసుకోండి.

గ్రేడ్ మార్చాక వెంటనే తీర్పు ఇవ్వకండి. మళ్లీ వెయ్యి కిలోమీటర్ల కొలత, మళ్లీ గేజ్. ఆయిల్ తాగడంలో, వేడి ప్రెషర్‌లో తేడా కనపడకపోతే కింది గ్రేడ్‌కే తిరిగి రండి. ఊరికే చిక్కటిది పోసి తిప్పితే మైలేజీ ఒకటి రెండు శాతం పోతుంది, బ్యాటరీ వీక్‌గా ఉన్న డిసెంబరు పొద్దున సెల్ఫ్ మూలుగుతుంది.

ఇంట్లో మిగిలిన ఆయిల్ కలపొచ్చా అంటే, కలపొచ్చు. అర లీటరు 20డబ్ల్యూ-50ని 15డబ్ల్యూ-40లో పోస్తే మధ్యలో ఎక్కడో ఉండే ఆయిల్ అవుతుంది, ప్రమాదం లేదు. బైకుకి మిగిలిన ఫోర్-టీ (ఫోర్ స్ట్రోక్ బైకుల ఆయిల్) 20డబ్ల్యూ-40ని మాత్రం కారుకి పొయ్యకండి. అది క్లచ్ కూడా ఆయిల్‌లోనే తడిసే ఇంజిన్ల కోసం చేసింది, కారు ఇంజిన్ అవసరాలు దాని లెక్కలో లేవు. జిగురులా ఉండి "పొగ ఆపేస్తుంది" అని అమ్మే డబ్బాల్లో ఉండేది ఎక్కువగా చిక్కబరిచే పాలిమరే. కారు అమ్మేవాళ్లు వాడే సరుకు అది.

గ్రేడ్ తరవాత చూడాల్సిన అక్షరాలు

ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఇచ్చే నాణ్యత గుర్తులో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోలువి, సీతో మొదలయ్యేవి డీజిల్‌వి. ఎస్‌ఎల్ 2001లో, ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. పాత పెట్రోల్ కార్లకి కొత్త అక్షరం పనికొస్తుంది, ఒక్క మినహాయింపుతో. చదునైన ట్యాపెట్ల అరుగుదలని ఆపేది ఆయిల్‌లోని జింక్-ఫాస్ఫరస్ సంయోగం. క్యాటలిటిక్ కన్వర్టర్ల కోసం కొత్త ఎస్‌ఎన్, ఎస్‌పీ ఆయిళ్లలో 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 వంటి పలచటి గ్రేడ్లకి ఫాస్ఫరస్ 0.08 శాతం మించకూడదని హద్దు పెట్టారు. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50లకి ఆ పై హద్దు లేదు. కాబట్టి అంబాసిడర్‌కీ పద్మినికీ ఆ గ్రేడ్లే పొయ్యడానికి చిక్కదనం కాక ఇది రెండో కారణం. ఎస్‌ఎల్ అని కూడా రాసి ఉన్న సీఐ-4 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్ కూడా వీటికి బాగానే పనిచేస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండి, ఆయిల్ కూడా తాగే పెట్రోల్ కారుకి మాత్రం డీజిల్ ఆయిల్ మంచిది కాదు, ఫాస్ఫరస్ కన్వర్టర్‌ని పాడు చేస్తుంది.

సింథటిక్ పోస్తే పాత బండి కారుతుందన్న భయం పూర్తిగా అబద్ధం కాదు. ఎండిన సీల్ పగుళ్లని ఇన్నాళ్లూ జిడ్డు మూసి ఉంటే, శుభ్రం చేసే గుణం ఎక్కువున్న ఆయిల్ ఆ జిడ్డుని తీసేస్తుంది. కారడం అప్పుడు బయటపడుతుంది. గ్యాస్ కిట్ వేసిన కార్లలో ఆయిల్ రంగుని చూసి మోసపోవద్దు. అందులో మసి చేరదు కాబట్టి పది వేల కిలోమీటర్లకీ బంగారు రంగులోనే ఉంటుంది, కానీ వేడికి ఆక్సీకరణం చెంది చిక్కబడుతూ ఉంటుంది. మినరల్ ఆయిల్ అయితే ఐదు వేల కిలోమీటర్లకి, తిరగని బండి అయినా ఏడాదికొకసారి మార్చాలి. పీపాలోంచి కొలిచి పోసే లూజు ఆయిల్ ఏ గ్రేడో ఎవరూ చెప్పలేరు. సీలున్న డబ్బా మీ ఎదుటే తెరిపించి, ఖాళీ డబ్బా మూతని అక్కడే విరగ్గొట్టండి.

అమెరికాలో చదువుకి వెళ్లి పాత కరోలానో సివిక్‌నో కొనుక్కున్నవాళ్లకి ఈ లెక్క తిరగబడుతుంది. మిషిగన్, ఇల్లినాయ్ చలికాలంలో మైనస్ 20కి పడిపోయే రోజులు ఉంటాయి కాబట్టి అక్కడ ముందు అంకెదే పెత్తనం. మాన్యువల్‌లో ఉన్న 5డబ్ల్యూ-30 లేదా 0డబ్ల్యూ-20లోనే, సీళ్లని మెత్తబరిచే రసాయనాలు కలిపిన హై మైలేజ్ రకం తీసుకోండి. నాన్నగారి అంబాసిడర్ అలవాటుతో 20డబ్ల్యూ-50 పోస్తే అలాంటి జనవరి పొద్దున సెల్ఫ్ తిరగడం కష్టం.

మార్చేటప్పుడు

పది నిమిషాలు నడిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు డ్రెయిన్ బోల్ట్ విప్పి కనీసం పావుగంట కారనివ్వండి. బోల్ట్ వాషర్ ప్రతిసారీ కొత్తది వెయ్యండి. అల్యూమినియం ఛాంబర్ అయితే పెద్ద పానాతో బలం చూపించొద్దు, మరలు పోతాయి. కొత్త ఫిల్టర్ రబ్బరుకి ఆయిల్ రాసి, రబ్బరు ఆనుకున్నాక చేత్తోనే ముప్పావు చుట్టు బిగించాలి. పాత ఫిల్టర్ రబ్బరు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోలేదని వేలితో తడిమి చూడండి. రెండు రబ్బర్ల మీద బిగిస్తే స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిలంతా నేలపాలవుతుంది.

మారుతి 800కి ఫిల్టర్‌తో కలిపి మూడు లీటర్ల లోపే పడుతుంది. మూడు లీటర్ల డబ్బా మొత్తం వంచేయడం వల్లే ఆ బళ్లలో లెవెల్ ఎక్కువై, క్రాంక్ దాన్ని చిలికి నురగ చేసి, బ్రీదర్ గుండా కార్బురేటర్‌లోకి పంపుతుంటుంది. ఏ బండికైనా చెప్పిన కొలతకి అర లీటరు తక్కువ పోసి స్టార్ట్ చెయ్యండి. ఎర్ర లైటు నాలుగైదు సెకన్లలో ఆరిపోవాలి, ఆరేదాకా రేస్ ఇవ్వొద్దు. ఆపి, ఐదు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ చూస్తూ కొద్దికొద్దిగా పై గీతకి కాస్త కిందివరకు నింపండి. గ్రేడ్, కంపెనీ పేరు, మీటర్ రీడింగ్ ఒక కాగితం మీద రాసి హెడ్ కవర్ పక్కన అతికించండి. మీరు లేనప్పుడు దారిలో ఎవరైనా టాప్-అప్ చెయ్యాల్సి వస్తే అది చూసి పోస్తారు. తీసిన పాత ఆయిల్‌ని డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ సేకరించే షెడ్డుకో సర్వీస్ సెంటర్‌కో ఇచ్చేయండి.